ఉప్పుమడి నుంచి రాకెట్ కేంద్రం దాకా: నెల్లూరు తీరంలో క్షార లోహాలు, హైడ్రోజన్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• క్షార లోహాలు, హైడ్రోజన్‌ల ముఖ్య ధర్మాలను నిత్యజీవిత ఉపయోగాలతో కలిపి వివరించగలుగుతారు.
• ఈ మూలకాల ఆవిష్కరణ క్రమాన్ని తెలుపగలుగుతారు.
• ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం, పన్ను నెల్లూరు తీర ప్రజల జీవితాన్ని ఎలా శాసించాయో చర్చించగలుగుతారు.
• శ్రీహరికోటలో ద్రవ హైడ్రోజన్ వినియోగానికి ఉన్న చారిత్రక ప్రాధాన్యాన్ని అంచనా వేయగలుగుతారు.

1.1 పరిచయం

ఆవర్తన పట్టికలో మొదటి నిలువు వరుసను చూడండి. పైన హైడ్రోజన్, దాని కింద లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీసియం, ఫ్రాన్షియం కనిపిస్తాయి. వీటన్నిటికీ ఉన్న సామాన్య లక్షణం ఒక్కటే: పరమాణువు చివరి కర్పరంలో ఒకే ఒక ఎలక్ట్రాన్ ఉండటం. క్షార లోహాలు ఆ ఎలక్ట్రాన్‌ను సులువుగా వదులుకుంటాయి. అందుకే ఇవి ప్రకృతిలో లోహరూపంలో దొరకవు. సముద్రపు నీటిలో, రాళ్లలో, మొక్కల బూడిదలో సంయోగ పదార్థాలుగానే ఉంటాయి.

సాధారణంగా ఈ పాఠాన్ని ప్రయోగశాల నుంచి మొదలుపెడతారు. ఇక్కడ మనం నెల్లూరు తీరం నుంచి మొదలుపెడదాం. ఇస్కపల్లి ఉప్పుమళ్లు, గూడూరు అభ్రకపు గనులు, రొయ్యల చెరువులు, పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట: ఈ తీరంలో ఈ వరుసలోని మూలకాలు ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో మనుషుల జీవనాధారంగా, వివాదంగా, ఆశయంగా మారాయి. ఒక పదార్థం ధర్మాలు ఎప్పుడూ మారవు. కాని దాన్ని ఎవరు తయారు చేయవచ్చు, ఎవరు అమ్మవచ్చు, ఎవరు వాడుకోవచ్చు అన్నది కాలాన్ని బట్టి మారింది. ఆ మార్పే ఈ పాఠంలో మన చర్చాంశం.

1.2 క్షారం: మాట, మూలకాలు

పీరియాడిక్ టేబుల్ పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే మన పూర్వులకు క్షారాలతో పరిచయం ఉంది. ఉత్తరేణి వంటి మొక్కలను కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి, వడకట్టి, మరిగించి క్షారం తీసే విధానం ఆయుర్వేద గ్రంథాల్లో ఉంది. చాకలివారు బట్టల మురికి వదిలించడానికి చౌడు మట్టిని వాడేవారు. చౌటినేలపై తెల్లగా పేరుకునే పొరలో సోడియం కార్బనేట్ ఉంటుంది. నూనె జిడ్డును అది విడదీస్తుంది. బూడిదతో గిన్నెలు తోమడంలోనూ సూత్రం ఇదే, కాకపోతే అక్కడ పనిచేసేది పొటాషియం కార్బనేట్.

ఐరోపా భాషల్లో వాడే 'ఆల్కలీ' అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బీలో దానికి మూలం మొక్కల బూడిదే. అంటే 'క్షారం', 'ఆల్కలీ' అనే రెండు మాటలూ పొయ్యిలోని బూడిద నుంచే పుట్టాయి.

బూడిదలో దాగి ఉన్న లోహాన్ని బయటికి తీసినది బ్రిటిష్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. 1807లో ఆయన కరిగించిన కాస్టిక్ పొటాష్ గుండా విద్యుత్తును పంపి పొటాషియాన్ని, కొద్ది రోజులకే కాస్టిక్ సోడా నుంచి సోడియాన్ని వేరుచేశాడు. 1817లో స్వీడన్‌కు చెందిన ఆర్ఫ్‌వెడ్‌సన్ ఒక ఖనిజంలో లిథియాన్ని గుర్తించాడు. జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్‌లు వర్ణపటమాపకం సాయంతో 1860లో సీసియాన్ని, 1861లో రుబీడియాన్ని కనుగొన్నారు. చివరిదైన ఫ్రాన్షియాన్ని 1939లో ఫ్రాన్స్‌లో మార్గరెట్ పెరె కనుగొన్నది. హైడ్రోజన్ వీటన్నిటికంటె ముందే తెలుసు. 1766లో కావెండిష్ దాన్ని ప్రత్యేక వాయువుగా గుర్తించాడు. అది మండితే నీరు ఏర్పడుతుంది కనుక లెవోజియే దానికి 'నీటిని పుట్టించేది' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఈ లోహాలు మనం ఎరిగిన ఇనుము, రాగి వంటివి కావు. సోడియాన్ని చాకుతో కోయవచ్చు. సోడియం, పొటాషియం నీటిపై తేలుతూ దానితో చర్య జరిపి హైడ్రోజన్‌ను వెలువరిస్తాయి. పొటాషియం విషయంలో ఆ వేడికి హైడ్రోజన్ అంటుకుని మండుతుంది కూడా. అందుకే వీటిని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు. లిథియం కిరోసిన్‌పై కూడా తేలేంత తేలిక కనుక దానికి మైనపు పూత అవసరం. సమూహంలో కిందికి వచ్చేకొద్దీ ద్రవీభవన స్థానం తగ్గుతుంది: లిథియానికి 180.5, సోడియానికి 97.8, పొటాషియానికి 63.5, రుబీడియానికి 39.3, సీసియానికి 28.5 డిగ్రీల సెల్సియస్. నెల్లూరులో వేసవి మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటుతాయి. అలాంటి రోజున రుబీడియం, సీసియం రెండూ గాజుగొట్టంలో ద్రవాలుగా ఉంటాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) క్షార లోహాలు ప్రకృతిలో స్వేచ్ఛాస్థితిలో ఎందుకు లభించవు?
(ఆ) లిథియాన్ని కిరోసిన్‌లో నిల్వ చేయడంలో ఇబ్బంది ఏమిటి?

1.3 ఉప్పుమడిలో జరిగేది

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో 27 గ్రాముల దాకా సోడియం క్లోరైడే. మిగిలినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. ఉప్పు తయారీ అంటే నీటిని ఆవిరి చేయడం మాత్రమే అనుకుంటే పొరపాటు. అవసరమైన లవణాన్ని అవసరం లేని వాటి నుంచి విడదీయడమే అందులోని అసలు నేర్పు.

ఇస్కపల్లి వంటి చోట్ల పోటునీటినో, వాగునీటినో ముందుగా పెద్ద మళ్లలోకి తోడతారు. ఎండకు, గాలికి నీరు చిక్కబడేకొద్దీ మొదట కాల్షియం కార్బనేట్, తరవాత జిప్సం అడుగుకు చేరతాయి. నీరు దాదాపు పదోవంతుకు తగ్గినప్పుడు ఉప్పు పలుకులు కట్టడం మొదలవుతుంది. ఆ దశకు చేరిన నీటిని చదును చేసి గట్టిపరచిన చిన్న మళ్లలోకి పారిస్తారు. పలుకులు తగినంత పేరుకున్నాక ఉప్పును గట్టుకు లాగి కుప్ప వేస్తారు. మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేయాలి. ఆ నీటిలో మెగ్నీషియం క్లోరైడ్ ఎక్కువ. దాన్ని వదలకుండా ఆశపడి పూర్తిగా ఎండబెడితే ఉప్పు చేదెక్కుతుంది, త్వరగా చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో మన ఇంటి జాడీలో రాళ్లుప్పు నీరు కారడానికి కారణం సోడియం క్లోరైడ్ కాదు, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఈ మెగ్నీషియం లవణమే.

ఈ పనికి ప్రయోగశాల పరికరాలు లేని రోజుల్లో కూడా ఉప్పు రైతు నీటి రంగును, చిక్కదనాన్ని, రుచిని బట్టి దశను గుర్తుపట్టేవాడు. వేసవి అంతా పని. ఈశాన్య రుతుపవనం రాగానే మళ్లు మునుగుతాయి, ఆ ఏటికి పంట ముగుస్తుంది. వరి రైతు కోరుకునే వాన ఉప్పు రైతుకు నష్టం.

1.4 ఉప్పుపై గుత్తాధిపత్యం, పన్ను (1805–1947)

1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పు తయారీని, అమ్మకాన్ని తన గుత్తాధిపత్యంలోకి తీసుకుంది. నెల్లూరు తీరంలోని ఉప్పుమళ్లు కూడా దాని కిందికి వచ్చాయి. అప్పటి నుంచి ఉప్పు రైతు తన ఉప్పును ప్రభుత్వానికే ఇవ్వాలి. ప్రభుత్వం అతనికి 'కుడివరం' పేరుతో తయారీ ప్రతిఫలం చెల్లించి, తాను నిర్ణయించిన ఎక్కువ ధరకు అమ్ముకునేది. ఆ రెండు ధరల మధ్య తేడాయే ప్రభుత్వ ఆదాయం. తరవాతి కాలంలో, తయారీదారు లైసెన్సు పొంది సుంకం చెల్లించి ఉప్పును తానే అమ్ముకునే ఎక్సైజ్ పద్ధతి కూడా ప్రవేశించింది. పద్ధతి మారినా కొనేవాడిపై భారం తప్పలేదు.

పన్ను రేట్లను గమనించండి. 1882లో మణుగుకు 2 రూపాయలు, 1888లో రెండున్నర రూపాయలు ఉండేది. 1903 నుంచి క్రమంగా తగ్గి 1907 నాటికి 1 రూపాయి అయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 1916లో రూపాయిపావలాకు పెరిగింది. 1923లో మళ్లీ రెండున్నరకు పెంచి, వ్యతిరేకత రావడంతో 1924లో రూపాయిపావలాకు తగ్గించారు. ఇక్కడ మణుగు అంటే సుమారు 37 కిలోలు. కిలోకు లెక్కిస్తే ఇది అర్ధణాకూ అణాకూ మధ్య. చిన్న మొత్తంగా కనిపించవచ్చు. కాని ఈ పన్ను అన్యాయం దాని పరిమాణంలో కాదు, స్వభావంలో ఉంది. జమీందారు, కూలి ఇద్దరూ దాదాపు ఒకే మోతాదు ఉప్పు తింటారు. పైగా ఎండలో ఒళ్లువంచి పనిచేసేవాడు చెమటతో సోడియాన్ని ఎక్కువగా కోల్పోతాడు, అతనికి ఉప్పు అవసరం మరింత. అంటే శరీరధర్మమే పేదవానిపై ఎక్కువ పన్ను వేయించింది. గొడ్లకు పెట్టే ఉప్పుకు, చేపలను ఎండబెట్టే ఉప్పుకు కూడా ఈ ధరల ఒత్తిడి తగిలేది.

ఇంతకంటె కఠినమైనది నిషేధం. వేసవిలో తీరంలోని పల్లపు నేలల్లో ఉప్పు తనంతట తానే తెల్లగా పేరుకుంటుంది. దాన్ని ఊడ్చుకోవడం నేరం. చౌటిమట్టిని నీటిలో కలిపి ఉప్పు తీయడమూ నేరమే. అలా పండిన ఉప్పును మట్టిలో కలిపి పాడుచేయడం ఉప్పు శాఖ సిబ్బంది విధుల్లో ఒకటి. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం ఈ అధికారాలను క్రోడీకరించింది. కళ్లముందు ఉప్పు ఉండగా అంగడిలో కొనుక్కోవలసి రావడం తీరగ్రామాల నిత్యానుభవం.

రవాణా చరిత్ర కూడా దీనితో ముడిపడి ఉంది. మద్రాసు వద్ద 1806 ప్రాంతంలో మొదలైన కాలువ ఉత్తరానికి సాగుతూ వచ్చింది. 1877–78 నాటి గొప్ప కరవులో సహాయక పనుల కింద దానిలో కొంత భాగాన్ని తవ్వించారు. అప్పటి గవర్నరు పేరుతో అది బకింగ్‌హామ్ కాలువ అయింది. ఉత్తరాన పెదగంజాం నుంచి నెల్లూరు తీరం మీదుగా మద్రాసు దాటే ఈ జలమార్గంలో ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవలపై తరలివెళ్లేవి.

1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండి తీరంలో చిటికెడు ఉప్పును చేతిలోకి తీసుకున్నప్పుడు, ఆ చర్య అర్థం నెల్లూరు తీరవాసికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. నెల్లూరు సమీపంలో పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లోనే గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. ఆంధ్ర ప్రాంతంలో జిల్లాల వారీగా సత్యాగ్రహ శిబిరాలు వెలిశాయి. 1931 మార్చి 5 నాటి గాంధీ–ఇర్విన్ ఒప్పందం తీరగ్రామాల వారు సొంత వాడకానికి, ఊళ్లో అమ్ముకోవడానికి ఉప్పు తీసుకునే వెసులుబాటు ఇచ్చింది. పన్ను పూర్తిగా రద్దయినది మాత్రం 1947 ఏప్రిల్‌లో.

పన్ను పోయినంత మాత్రాన ఉప్పుమడిలో పని తేలిక కాలేదు. తెల్లని ఉప్పుపై పడి తిరిగి వచ్చే ఎండ కళ్లను, చిక్కని ఉప్పునీరు పాదాలను దెబ్బతీస్తూనే ఉన్నాయి. అకాల వర్షం ఒక్కటి చాలు, వారాల శ్రమ కరిగిపోవడానికి. నేటికీ ఉప్పు కూలీల సమస్యల్లో ఇవే ముందుంటాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) ఉప్పుమడిలో చివరి చేదు నీటిని ఎందుకు వదిలేస్తారు?
(ఆ) ఉప్పు పన్ను పేదలపై ఎక్కువ భారం అని ఎందుకు అంటారు?

1.5 పొటాషియం: కాకిబంగారం, రొయ్యల చెరువు

సముద్రపు నీటిలో సోడియం పొటాషియానికి దాదాపు 28 రెట్లు ఉంటుంది. పొటాషియాన్ని వెతకాలంటే తీరం నుంచి కొంచెం లోపలికి, గూడూరు వైపు వెళ్లాలి. అక్కడి అభ్రకపు గనులు 19వ శతాబ్ది చివరి నుంచి ప్రసిద్ధి. పల్లెల్లో దీన్ని కాకిబంగారం అంటారు. ఇక్కడ దొరికే మస్కోవైట్ రకం అభ్రకం పొటాషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్‌ల సంయోగం. దాని గట్టి సిలికేట్ పొరల మధ్య పొటాషియం అయాన్లు ఒక పలుచని వరుసగా ఉంటాయి. ఆ వరుస దగ్గర బంధం బలహీనం. అందుకే చేతి కత్తితో కాగితాల్లాగా పొరలు విప్పవచ్చు. వేడికి తట్టుకుని, విద్యుత్తును ప్రవహింపనీయని ఆ రేకులు విద్యుత్ యంత్రాల్లో, రేడియోల్లో, ఇస్త్రీపెట్టెల్లో బంధక పదార్థంగా ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి.

వరి పొలానికి వేసే 'పొటాష్' పొటాషియం క్లోరైడ్. దీన్ని మన దేశం దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటుంది. ఇటీవలి దశాబ్దాల్లో ఇదే పదార్థం రొయ్యల చెరువుల్లోకి కూడా చేరింది. తక్కువ ఉప్పదనం గల బోరునీటిలో వనామి రొయ్యలను పెంచినప్పుడు, ఆ నీటిలో పొటాషియం తక్కువైతే రొయ్య ఎదుగుదల, బతుకుదల దెబ్బతింటాయి. అందువల్ల రైతులు సోడియం, పొటాషియం నిష్పత్తిని సముద్రపు నీటికి దగ్గరగా తేవడానికి పొటాషియం లవణాన్ని కలుపుతారు.

మనిషి ఒంట్లో కూడా ఈ జంట ఇలాగే పనిచేస్తుంది. కణాల వెలుపల సోడియం, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడా ఉన్నందువల్లనే నాడులు సంకేతాలను పంపగలుగుతాయి. విరేచనాలైన బిడ్డకు పట్టే ఓ.ఆర్.ఎస్. పొట్లంలో గ్లూకోజుతో పాటు సోడియం, పొటాషియం లవణాలు రెండూ ఉండటానికి కారణం ఇదే. మరోవైపు ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. రోజుకు 5 గ్రాములకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మనం వాడే అయోడిన్ ఉప్పులో కలిపేది కూడా ఒక పొటాషియం లవణమే, పొటాషియం అయొడేట్.

1.6 గుంటూరు గ్రహణం: వెలుగులో హైడ్రోజన్

ఉప్పు పలుకు పొయ్యిలో పడితే మంట పసుపుపచ్చగా మారడం మీరు చూసే ఉంటారు. అది సోడియం గుర్తు. పొటాషియం మంటకు లేత ఊదా రంగును, లిథియం ముదురు ఎరుపును ఇస్తాయి. ఈ రంగులను వర్ణపటంలో గీతలుగా విడదీసి మూలకాన్ని గుర్తించడమే బున్సెన్, కిర్కాఫ్‌ల పద్ధతి.

ఆ పద్ధతికి గొప్ప పరీక్ష మన తీరానికి దగ్గరలోనే జరిగింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు ప్రధానంగా మండే హైడ్రోజన్ వాయువేనని వర్ణపట గీతలు తెలిపాయి. ఇక్కడ 'మండే' అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అది ఆక్సిజన్‌తో జరిగే దహనం కాదు, అత్యధిక ఉష్ణోగ్రత వల్ల కలిగే వెలుగు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని జాన్సెన్ గ్రహించి మరునాడే చూశాడు. మచిలీపట్నం నుంచి పరిశీలించిన పోగ్‌సన్ సోడియం గీతకు దగ్గరగా ఉన్న ఒక పసుపు గీతను గమనించాడు. అది సోడియానిది కాదని, కొత్త మూలకానిదని తరవాత తేలింది. అదే హీలియం.

1.7 శ్రీహరికోట: ద్రవ హైడ్రోజన్

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవి శ్రీహరికోట. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి చేరేదాకా ఇది నెల్లూరు జిల్లాలో భాగం. దాని అడవుల నుంచి వంటచెరకు కాలువ మీదుగా మద్రాసు చేరేది. యానాదులు తరతరాలుగా అక్కడ అడవినీ నీటినీ ఆధారం చేసుకుని బతికారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంపిక చేశారు. తూర్పున విశాల సముద్రం ఉండటం, భూభ్రమణ వేగం తూర్పుగా ఎగిరే రాకెట్‌కు తోడ్పడటం ఎంపికకు ముఖ్య కారణాలు. కేంద్రం వచ్చినప్పుడు దీవివాసులు తమ తావులు వదలవలసి వచ్చింది. చరిత్ర విద్యార్థి ఈ రెండు విషయాలనూ కలిపే చూడాలి. 1971 అక్టోబరులో అక్కడి నుంచి తొలి రోహిణి పరిశోధక రాకెట్లు ఎగిరాయి.

భారీ ఉపగ్రహాలను ఎత్తైన కక్ష్యకు పంపాలంటే ఇంధనం తేలికగా, శక్తిమంతంగా ఉండాలి. హైడ్రోజన్ అలాంటిది. కాని వాయురూపంలో అది విపరీతమైన చోటును ఆక్రమిస్తుంది. మైనస్ 253 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది. అప్పుడు కూడా ఘనపు మీటరుకు 71 కిలోలే, అంటే నీటి బరువులో పద్నాలుగో వంతు. దీన్ని మైనస్ 183 డిగ్రీల వద్ద ఉండే ద్రవ ఆక్సిజన్‌తో కలిపి మండిస్తారు. వెలువడేది నీటియావిరి. పక్కపక్కనే అతిశీతల ట్యాంకును, వేల డిగ్రీల మంటను నడిపించగల పంపులు, లోహాలు, కీళ్లు తయారు చేయడమే ఈ క్రయోజెనిక్ సాంకేతికతలోని కష్టం.

1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఇంజన్లకూ సాంకేతిక బదిలీకీ ఒప్పందం కుదిరింది. 1992 మేలో అమెరికా రెండు సంస్థలపైనా ఆంక్షలు విధించింది. 1993లో సాంకేతిక బదిలీ ఆగిపోయింది, తయారైన దశలను మాత్రమే అమ్మడానికి రష్యా అంగీకరించింది. 1994లో ఇస్రో సొంత క్రయోజెనిక్ దశ పథకాన్ని ప్రారంభించింది. 2001 ఏప్రిల్ 18న రష్యా దశతో తొలి జి.ఎస్.ఎల్.వి. ఎగిరింది. 2010 ఏప్రిల్ 15న దేశీయ దశతో చేసిన తొలి ప్రయోగం ఇంధనపు పంపు ఆగిపోవడంతో విఫలమైంది. 2014 జనవరి 5న రెండో ప్రయత్నం సఫలమైంది. 1994 నుంచి లెక్కిస్తే ఇరవై ఏళ్ల శ్రమ. 2023 జులై 14న చంద్రయాన్–3ను మోసుకెళ్లిన రాకెట్ పైదశలో మండినది కూడా హైడ్రోజనే.

అదే సంవత్సరం మే 29న ఎగిరిన ఎన్.వి.ఎస్.–01 దిక్సూచి ఉపగ్రహం మన పాఠానికి చక్కని ఉదాహరణ. 2013లో పంపిన తొలి దిక్సూచి ఉపగ్రహంలో విదేశాల నుంచి తెచ్చిన మూడు రుబీడియం గడియారాలూ పనిచేయడం మానేశాయి. గడియారంలో సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే స్థానం అంచనాలో 300 మీటర్ల పొరపాటు వస్తుంది. ఎన్.వి.ఎస్.–01లో అహ్మదాబాద్‌లో తయారైన దేశీయ రుబీడియం గడియారం ఉంది. గ్రహణ సమయాల్లో దానికి శక్తినిచ్చేది లిథియం–అయాన్ బ్యాటరీ. దాన్ని కక్ష్యకు చేర్చినది ద్రవ హైడ్రోజన్. మొదటి నిలువు వరుసలోని మూడు మూలకాలు ఒకే ప్రయాణంలో పాలుపంచుకున్నాయన్నమాట.

1.8 సారాంశం

క్షార లోహాలు, హైడ్రోజన్ బాహ్యకర్పరంలో ఒకే ఎలక్ట్రాన్ కలిగి ఉంటాయి. హైడ్రోజన్ అలోహం. దాని ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోలుకు 1312 కిలోజౌళ్లు కావాలి, సోడియానికి 496 చాలు. నెల్లూరు తీరంలో సోడియం ఉప్పుగా, పొటాషియం అభ్రకంగా, హైడ్రోజన్ రాకెట్ ఇంధనంగా చరిత్రలోకి వచ్చాయి. 1805లో ఉప్పును, 1993లో క్రయోజెనిక్ సాంకేతికతను ఇక్కడివారికి అందకుండా చేసినవారు వేరు, సందర్భాలు వేరు. రెండు చోట్లా ఆ అడ్డు తొలగడానికి ముందు దీర్ఘకాల ప్రయత్నం జరిగింది. ఫలితం ఎవరి దాకా చేరింది అన్నది వేరే ప్రశ్న. ఉప్పు కూలీ, దీవి వదిలిన యానాది ఆ ప్రశ్నను మన ముందు ఉంచుతారు.

1.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మద్రాసు రాజధానిలో ఉప్పు గుత్తాధిపత్యం ఎలా నడిచిందో వివరించి, నెల్లూరు తీరంపై దాని ప్రభావాన్ని చర్చించండి.
2. భారతదేశ క్రయోజెనిక్ ఇంజన్ చరిత్రను హైడ్రోజన్ ధర్మాల ఆధారంగా వివరించండి.

II. కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అభ్రకం పొరలుగా ఎందుకు విడిపోతుంది?
2. 1868 గ్రహణ పరిశీలన ప్రాధాన్యం ఏమిటి?
3. మీ ఇంట్లో వాడే సోడియం, పొటాషియం, లిథియం పదార్థాలను గుర్తించి, ఒక్కోదాని ఉపయోగాన్ని రాయండి.